పబ్లిక్ హెల్త్‌లోకి రావాలా, వెనక్కి రావాలా: డాక్టర్ చిక్వే ఇహెక్వెయాజు దారి చూసి చెబుతున్నాను

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు తెలంగాణలో ఎంబీబీఎస్ చేసి, మూడేళ్లుగా ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌గా ఉన్నారు. మీతో పాటు నైట్ డ్యూటీలు చేసే నైజీరియా డాక్టర్ ఒకాయన, తమ దేశం నుంచి వెళ్లి డబ్ల్యూహెచ్‌ఓలో పెద్ద బాధ్యత దాకా చేరిన డాక్టర్ చిక్వే ఇహెక్వెయాజు గురించి చెప్పారు. అప్పటినుంచి మిమ్మల్ని మూడు ప్రశ్నలు పట్టుకున్నాయి. వార్డు వదిలి పబ్లిక్ హెల్త్‌లోకి వస్తే నిజంగా అంత దూరం వెళ్లొచ్చా? ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, ఎక్కడ చేయాలి? ఎప్పటికైనా స్వదేశానికి తిరిగి రాకపోతే ఈ చదువుకు అర్థం ఉంటుందా?

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నేను పీఎస్ఎంలో, అంటే ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్‌లో ఎండీ చేశాను. మన కాలేజీల్లో ఆ బ్రాంచి తీసుకుంటే "వేరే సీటు రాలేదా?" అని అడుగుతారు, మీకు తెలిసిందే. పోలియో పనిలో బీహార్‌లో కొన్నేళ్లు తిరిగాను. ఆ అనుభవంతోనే ఉత్తర నైజీరియాలోని కానోకు వెళ్లి అక్కడ మరికొన్నేళ్లు పనిచేశాను. చిక్వే గారితో నాకు వ్యక్తిగత పరిచయం లేదు. ఆయన నడిపిన సంస్థ నుంచి వచ్చే వారపు నివేదికలను ప్రతి వారం ఎదురుచూసి చదివినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ చదువరిగా రాస్తున్నాను.

ముందు ఆయన కెరీర్ వివరాలు. తండ్రి నైజీరియా డాక్టర్. తల్లి జర్మన్, ఎన్‌సుక్కాలోని యూనివర్సిటీ ఆఫ్ నైజీరియాలో జర్మన్ సాహిత్యం బోధించిన ప్రొఫెసర్. ఆయన అదే విశ్వవిద్యాలయానికి ఎనుగులో ఉన్న మెడికల్ కాలేజీలో చదివి 1996లో డాక్టరయ్యారు. జర్మనీ వెళ్లి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎంపీహెచ్ చేశారు. 2003లో ఐరోపా ఫీల్డ్ ఎపిడమాలజీ (జబ్బు వ్యాపించిన చోటికే వెళ్లి కారణం వెతికే పని) శిక్షణ ఈపీఐఈటీలో చేరారు. ఆ తర్వాతి ఏళ్లు జర్మనీలోని రాబర్ట్ కోహ్ ఇన్‌స్టిట్యూట్, బ్రిటన్ హెల్త్ ప్రొటెక్షన్ ఏజెన్సీ, దక్షిణాఫ్రికాలోని అంటువ్యాధుల జాతీయ సంస్థ మధ్య గడిచాయి. 2016 ఆగస్టులో నైజీరియా సెంటర్ ఫర్ డిసీజ్ కంట్రోల్, అంటే ఎన్‌సీడీసీకి అధిపతిగా రాజధాని అబుజా వచ్చారు. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ బెర్లిన్‌లో కొత్తగా పెట్టిన మహమ్మారుల సమాచార కేంద్రాన్ని నడపడానికి అసిస్టెంట్ డైరెక్టర్ జనరల్‌గా వెళ్లారు. 2025లో కొన్ని నెలలు ఆఫ్రికా ప్రాంతీయ కార్యాలయానికి తాత్కాలిక డైరెక్టర్‌గా ఉండి, ఆ తర్వాత డబ్ల్యూహెచ్‌ఓ హెల్త్ ఎమర్జెన్సీస్ ప్రోగ్రామ్‌కి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయ్యారు.

మీ సహోద్యోగి మీకు చెప్పింది బహుశా చివరి మూడు వాక్యాల గురించే అయ్యుంటుంది. మీరు చూడాల్సింది 1996 నుంచి 2016 వరకు ఉన్న ఇరవై ఏళ్లను. మంత్రి పక్కన ఫోటోలు, టీవీ ఇంటర్వ్యూలు లేని కాలం అది.

ఫీల్డ్ ఎపిడమాలజిస్టు పని ఎలా ఉంటుందో చెబితే ఆ ఇరవై ఏళ్లు మీకు అర్థమవుతాయి. ఒక ఊళ్లో విరేచనాల కేసులు హఠాత్తుగా పెరిగాయనుకోండి. మొదట కేసు అంటే ఏమిటో రాసుకోవాలి: ఏ తేదీ తర్వాత, ఏ లక్షణాలతో, ఏ ప్రాంతంలో. తర్వాత లైన్ లిస్ట్. ఒక్కో రోగికి ఒక్కో వరుస: వయసు, వీధి, జబ్బు మొదలైన రోజు, తిన్నది, తాగింది, శాంపిల్ ఎప్పుడు తీశారు, ఫలితం ఏమిటి. అరవై మందికి ఫోన్ చేసి "మొన్న శనివారం మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని ఓపిగ్గా అడగాలి. జబ్బు పడనివాళ్లనీ అదే ప్రశ్న అడగాలి, లేకపోతే పోలికకు ఏమీ ఉండదు. ఆ పట్టిక నుంచి రోజువారీ గ్రాఫ్ గీస్తే, ఒకే భోజనంతో అందరికీ ఒకేసారి వచ్చిందా, మనిషి నుంచి మనిషికి పాకుతోందా అన్నది గ్రాఫ్ ఆకారమే చెబుతుంది. నాకు ఇప్పటికీ ఆ గ్రాఫ్ గీసేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. పదవులు వచ్చినా రాకపోయినా ఇదే పని. దీన్ని ఇష్టపడనివాళ్లు పై కుర్చీల్లోకి వెళ్తే, కింద నుంచి వచ్చే అంకెలో ఏది నమ్మాలో వాళ్లకు తెలియదు.

ఆ ఏళ్లలో ఆయన చేసిన ఇంకో పని మీకు నేరుగా పనికొస్తుంది. విదేశాల్లో ఉంటూనే నైజీరియా ఆరోగ్య వ్యవస్థ గురించి క్రమం తప్పకుండా రాస్తూ, మాట్లాడుతూ వచ్చారు. నైజీరియా హెల్త్ వాచ్ అలా పుట్టింది. బడ్జెట్‌లో ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది, ఏ ఆసుపత్రిలో ఏం లేదు అని బహిరంగంగా అడిగే వేదిక అది. ఇప్పుడు దాన్ని ఆయన భార్య వివియాన్ ఇహెక్వెయాజు నడుపుతున్నారు. 2001లో ఆఫ్రికా దేశాధినేతలు అబుజాలోనే కూర్చుని బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని ప్రకటించారు. ఆ మాట ఇచ్చిన ఊరున్న దేశమే దాన్ని నిలబెట్టుకోలేకపోయింది. అలాంటి చోట బయట ఉన్న డాక్టర్ ఊరికే విమర్శిస్తే ఎవరూ పట్టించుకోరు, లెక్కలతో అడిగితే వింటారు. 2016లో పిలుపు వచ్చేనాటికి ఆయన తన దేశానికి కొత్తవాడు కాదు. ఎక్కడ నొప్పి ఉందో ఏళ్లుగా రాస్తున్నవాడు.

యోరుబా భాషలో "జపా" అనే మాట ఉంది, పారిపోవడం అని. ఇప్పుడు నైజీరియా యువత విదేశాలకు వెళ్లిపోవడానికి అదే పేరు పెట్టుకుంది. డాక్టర్లు, నర్సులు వేల సంఖ్యలో బ్రిటన్, అమెరికా, గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఆరోగ్య సిబ్బంది కొరత ఉన్న ఈ దేశాల నుంచి ఇతర దేశాలు పనిగట్టుకుని డాక్టర్లను, నర్సులను తీసుకెళ్లకూడదంటూ డబ్ల్యూహెచ్‌ఓ చేసిన జాబితాలో నైజీరియా ఉంది. మీ సహోద్యోగి మనసులో ఆ బరువు ఉంటుంది. మన దగ్గర నుంచి వెళ్లినవాళ్లకూ ఉంటుంది, కానీ మనం దాని గురించి తక్కువ మాట్లాడతాం.

2016లో చిక్వే గారి చేతికొచ్చిన సంస్థ ఎలా ఉందో చెప్పాలి. అంతకుముందు 2014లో నైజీరియా ఎబోలాను అడ్డుకుని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. జులై 20న లైబీరియా నుంచి లాగోస్‌లో దిగిన ప్రయాణికుడితో మొదలైంది. అప్పుడు ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉన్నారు కాబట్టి ఆయన్ని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టర్ స్టెల్లా అమేయో అడాదెవో అనుమానించి, ఎంత ఒత్తిడి వచ్చినా డిశ్చార్జ్ చేయలేదు. ఆగస్టు 19న ఆమె అదే జబ్బుతో చనిపోయారు. మొత్తం 20 కేసులు, 8 మరణాలు. దాదాపు 900 మంది కాంటాక్టులను ఇళ్లకు వెళ్లి చూసి వచ్చారు. పోలియో కోసం కట్టిన అత్యవసర కేంద్రం పద్ధతినీ, మనుషులనూ రాత్రికి రాత్రి ఎబోలా వైపు తిప్పారు. అక్టోబరు 20న దేశం ఎబోలా నుంచి బయటపడిందని ప్రకటించారు. పోలియో పనిలో ఉన్న మాకు అది ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అయితే ఒక వీరోచిత విజయం వేరు, ప్రతి సోమవారం ఉదయం పనిచేసే సంస్థ వేరు. ఎన్‌సీడీసీ 2011లో మొదలైనా దానికంటూ చట్టం లేదు. చట్టం లేకపోతే సొంత బడ్జెట్ పద్దు ఉండదు, సొంతంగా ఉద్యోగులను తీసుకునే హక్కు ఉండదు, మంత్రిత్వశాఖలో ఎవరు మారితే దాని బతుకు అలా మారుతుంది. ఆయన వచ్చిన కొద్ది నెలలకే, 2016 చివర్లో, వాయవ్యంలోని జంఫారా రాష్ట్రంలో మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, మొదలైంది. ఈసారి సి రకం. అప్పటికి ఎ రకం టీకా బాగా పనిచేసి ఆ రకం దాదాపు మాయమైంది, సి రకం టీకా మాత్రం ప్రపంచంలోనే కొరతగా ఉంది. జంఫారా నుంచి సొకోటో, కట్సినా, కెబ్బి, నైజర్ రాష్ట్రాలకు పాకింది. 2017 మధ్య నాటికి 14 వేలకు పైగా అనుమానిత కేసులు, 1,100కు పైగా మరణాలు. గుర్తించడమే ఆలస్యమైంది. నడుము దగ్గర వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించే సదుపాయం ఎక్కువ చోట్ల లేదు, తీసిన శాంపిల్ ల్యాబ్‌కు చేరే దారి లేదు. ఆ ఎండాకాలం నేను కానోలో ఉన్నాను. వరండాలో చాపల మీద మెడ బిగుసుకుపోయి పడుకున్న పిల్లలను చూశాను. రాజధానిలో కూర్చున్నవాళ్లను తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ తర్వాత జరిగిన దాన్ని నేను గౌరవిస్తాను. అదే 2017 జూన్‌లో బయటి నిపుణుల బృందం వచ్చి, అంటువ్యాధులను ఎదుర్కొనే శక్తి దేశానికి ఎంత ఉందో కొలిచింది. వచ్చింది 39 శాతం. ఆ రిపోర్టు అందరూ చదివేలా బయటపెట్టారు. రెండేళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే 46. ఈ ఏడు పాయింట్లు వార్త కావు, కానీ వాటి వెనక ఏముందో నాకు తెలుసు: అబుజాలో నేషనల్ రిఫరెన్స్ ల్యాబ్‌ను పనిలోకి తేవడం, రాష్ట్రాల్లో అత్యవసర కేంద్రాలు పెట్టడం, కాగితం ఫారాల బదులు ఫోన్‌లోనే కేసు నమోదయ్యే సోర్‌మాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒక్కో స్థానిక ప్రభుత్వ ప్రాంతానికీ తీసుకెళ్లడం. అలాంటివి దేశంలో 774 ఉన్నాయి. ఒక్కోచోట కరెంటు లేదు, ఒక్కోచోట నెట్‌వర్క్ లేదు, ఒక్కోచోట నేర్చుకున్న మనిషి బదిలీ అయిపోతాడు. మళ్లీ మొదటి నుంచి.

2018 నవంబరులో ఎన్‌సీడీసీ చట్టం మీద దేశాధ్యక్షుడు సంతకం చేశారు. చిక్వే గారి కెరీర్‌లో ఒక్క రోజును ఎంచుకోమంటే నేను బెర్లిన్ నియామకాన్ని కాదు, దీన్ని ఎంచుకుంటాను. పార్లమెంటు సభ్యులను ఒప్పించడం, ముసాయిదాలో పదాల కోసం కొట్లాడటం ఎంపీహెచ్‌లో నేర్పరు.

అదే ఏడాది లస్సా జ్వరం అప్పటికి ఎన్నడూ లేనంతగా వచ్చింది. 1969లో బోర్నో ప్రాంతంలోని లస్సా అనే ఊళ్లో బయటపడి, ఆ ఊరి పేరే మోస్తున్న జబ్బు అది. ఇళ్లలో, ధాన్యం దగ్గర తిరిగే ఒక జాతి ఎలుకల మూత్రం, మలం ద్వారా వస్తుంది. 2018లో ల్యాబ్‌లో నిర్ధారణైన కేసులే 633. వైరస్ మారిపోయి మనిషి నుంచి మనిషికి పాకుతోందేమోనని అందరిలో టెన్షన్. వ్యాప్తి జరుగుతుండగానే లస్సా రోగులను చూసే ఇరువా ఆసుపత్రికి వచ్చిన శాంపిళ్ల జన్యుక్రమం చదివారు. చాలా కేసులు విడివిడిగా ఎలుకల నుంచే వచ్చాయని తేలింది. దాంతో డబ్బు, మనుషులు ఎటు వెళ్లాలో తెలిసింది: ధాన్యం మూతపెట్టుకోవడం, ఆసుపత్రుల్లో గ్లౌజులు, త్వరగా రిబవిరిన్ అనే మందు ఇవ్వడం. సైన్స్ అప్పటికప్పుడు నిర్ణయానికి పనికొచ్చిన సందర్భం ఇంత శుభ్రంగా నేను మరొకటి చూడలేదు.

కోవిడ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. 2020 ఫిబ్రవరిలో చైనా వెళ్లిన డబ్ల్యూహెచ్‌ఓ ఉమ్మడి బృందంలో చిక్వే గారు ఉన్నారు. ఇటలీ నుంచి లాగోస్ వచ్చిన వ్యక్తిలో ఫిబ్రవరి 27న నైజీరియా తొలి కేసు తేలింది. నైజీరియాలోని ఎడే పట్టణంలో ప్రొఫెసర్ క్రిస్టియన్ హప్పి నడిపే జన్యు పరిశోధన కేంద్రం కొద్ది రోజుల్లోనే ఆ వైరస్ జన్యుక్రమాన్ని బయటపెట్టింది, ఆఫ్రికా ఖండం నుంచి అదే మొదటిది. ప్రతి రాత్రి ఎన్‌సీడీసీ ట్విటర్‌లో పెట్టే అంకెల కోసం దేశమంతా మేలుకుని ఉండేది. ఏ రాష్ట్రంలో ఎన్ని కేసులో పేరుతో సహా ఇచ్చేవారు. కొన్ని రాష్ట్రాలకు అది నచ్చలేదు. కోగి రాష్ట్రానికి వెళ్లిన కేంద్ర బృందాన్ని అక్కడివాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండమన్నారు, వాళ్లు తిరిగి వచ్చేశారు. నైజీరియాలో 36 రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం. ఎన్‌సీడీసీ అధిపతి ఏ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్‌నూ ఆజ్ఞాపించలేడు. రిపోర్టు పంపమని అడగాలి, బతిమాలాలి, పంపినవాళ్లను నలుగురిలో మెచ్చుకోవాలి.

అంకెలు బయటపెట్టడం గురించి నేను ఇంత చెప్పడానికి కారణం కానోయే. 1996లో అక్కడ మెనింజైటిస్ విజృంభించినప్పుడు పిల్లల మీద ఒక కొత్త మందు పరీక్ష జరిగింది, దాని మీద ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. 2003లో కానో రాష్ట్రం పోలియో చుక్కలను ఆపేసినప్పుడు ఆ జ్ఞాపకం కూడా అందులో ఉంది. దాదాపు పదకొండు నెలలు ఆగింది, వైరస్ చాలా దేశాలకు వెళ్లింది. నేను చాలా ఏళ్ల తర్వాత ఇళ్ల గుమ్మాల ముందు నిలబడినప్పుడు కూడా తల్లులు అదే అడిగేవారు, "అప్పుడు మాకు చెప్పకుండా చేశారు కదా?" అని. ఆ ప్రశ్న విన్నవాళ్లకు, రాత్రి పన్నెండింటికి కూడా అంకెలు దాచకుండా పెట్టడం ఎంత విలువైనదో తెలుస్తుంది. ఆఫ్రికాలో సహజ పోలియో వైరస్ పోయిందని 2020 ఆగస్టు 25న ప్రకటించిన రోజు నేను ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, తిరిగి రావడం గురించి. ఒకే జవాబు లేదు. డాక్టర్ ముహమ్మద్ అలీ పాటే దారి చూడండి. ఉత్తర నైజీరియాలోని జరియాలో చదివి, గాంబియా, లండన్, అమెరికాల్లో పనిచేసి, ప్రపంచ బ్యాంకులో ఉండి, 2008లో ప్రాథమిక ఆరోగ్య సంస్థ అధిపతిగా తిరిగొచ్చారు. ఊళ్లకు మంత్రసాని నర్సులను పంపే పథకం ఆయన హయాంలోనే మొదలైంది. సహాయ మంత్రి అయ్యారు, 2013లో రాజీనామా చేసి అమెరికా వెళ్లారు, మళ్లీ ప్రపంచ బ్యాంకు. 2023లో గావి టీకాల కూటమికి అధిపతిగా ఎంపికై, ఆ కుర్చీ వద్దని చెప్పి నైజీరియా ఆరోగ్య మంత్రి అయ్యారు. వెళ్లడం, రావడం ఒక్కసారి జరిగేవి కావని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

అసలు ఇల్లు వదలనివాళ్లూ ఉన్నారు. 2017లో బయెల్సా రాష్ట్రంలో పదకొండేళ్ల అబ్బాయి ఒంటిమీద పొక్కులు చూసి, అది మంకీపాక్స్ కావచ్చని అనుమానించింది అక్కడి బోధనాసుపత్రి డాక్టర్ డిమీ ఒగోయినా. ఆ దేశంలో దాదాపు నలభై ఏళ్లుగా కనపడని జబ్బు అది. లైంగిక సంబంధాల ద్వారా కూడా పాకుతుండవచ్చని ఆయన బృందం చెప్పినప్పుడు ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 2022లో ఐరోపాలో వచ్చాక అందరూ ఆ పేపర్లు వెతుక్కున్నారు. 2024లో దీని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఎమర్జెన్సీ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఒగోయినా కేసు పట్టుకున్నారు. దాన్ని దేశమంతటా వెతకడానికి, నమోదు చేయడానికి చిక్వే కట్టిన సంస్థ ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరి పని సగమే.

చిక్వే గారికి ఉన్న ఒక సౌలభ్యం మీకు లేదు, అది దాచడం తప్పు. తల్లి జర్మన్ కావడం వల్ల జర్మనీ ఆయనకు పరాయి దేశం కాదు, భాష కూడా. ఈపీఐఈటీ సీట్లు ప్రధానంగా ఐరోపా సమాఖ్య దేశాల పౌరులకే. మీరున్న చోట దారి వేరు. బ్రిటన్‌లో పబ్లిక్ హెల్త్ స్పెషాలిటీ ట్రైనింగ్ ఐదేళ్లు, ఎంపీహెచ్ అందులో భాగంగానే వస్తుంది, జీతం ఆగదు. పోటీ చాలా ఎక్కువ. ఇండియాకు రావాలనుకుంటే ఢిల్లీలోని నేషనల్ సెంటర్ ఫర్ డిసీజ్ కంట్రోల్ నడిపే ఇండియా ఈఐఎస్ అనే రెండేళ్ల ఫీల్డ్ ఎపిడమాలజీ శిక్షణ ఉంది. చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడమాలజీ ఉంది, అక్కడ ఫీల్డ్‌లో ఉంచి నేర్పిస్తారు. లండన్‌లో సొంత డబ్బుతో ఏడాది ఎంపీహెచ్ చేయడాన్ని మాత్రం నేను తొందరపడి చేయవద్దంటాను. అప్పు తీర్చడానికి మళ్లీ లోకమ్ (తాత్కాలిక డాక్టర్) షిఫ్టుల్లోకి వెళ్లి, పబ్లిక్ హెల్త్ కలను అక్కడే వదిలేసిన పిల్లలు నాకు తెలుసు.

ఎంపీహెచ్‌కు దరఖాస్తు పెట్టే ముందు ఒక పని చేయండి. ఈ చలికాలం మీ ఆసుపత్రిలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ వచ్చి ఏదో ఒక వార్డు మూస్తారు, దాదాపు ప్రతి ఏడాదీ జరిగేదే. ఆ రోజు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు దగ్గరికి వెళ్లి, లైన్ లిస్ట్ నేను రాస్తానండీ అని అడగండి. ఎవరికి ఏ గంటకు వాంతులు మొదలయ్యాయి, ఏ బెడ్డు, ఎవరు చూసుకున్నారు, అన్నీ మీ చేత్తో నింపి గ్రాఫ్ గీయండి. డ్యూటీ అయిపోయాక కూడా ఆ కాగితం వదలబుద్ధి కాకపోతే నాకు మళ్లీ రాయండి. దరఖాస్తు ఇద్దరం కూర్చుని చూద్దాం.